మరపునకు మందు: వీధిబడి అప్పగింత నుండి మెరుపు అట్టల వరకు

తూర్పు కనుమల పాదమున నున్న మాడుగుల రెండు సీమల నడుమ వాకిలి వంటిది. దిగువన చోడవరము మైదానము, చెరకు తోటలు; ఎగువన పాడేరు మన్యము. ఒకప్పుడు మత్స్యవంశీయుల జమీందారీకి ముఖ్యస్థానమై, చిరకాలము విశాఖపట్నము జిల్లాలో చేరియుండిన ఈ ఊరు 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో నున్నది. హల్వా వలన దీని పేరు దూరప్రాంతములకు ప్రాకినది. కాని మేమీ ప్రసంగమునకు ఎన్నుకొన్నది ఇచ్చటి బాలుర చదువు సంగతి. కొండ దిగి బడికి వచ్చు బాలుని ఇంటిభాష కువి కావచ్చును, ఆదివాసీ ఒడియా కావచ్చును. బడిలో వానికి తెలుగు ఎదురగును. వెనువెంటనే ఇంగ్లీషు ఎదురగును. మైదానపు బాలునికి సైతము నోటి తెలుగొకటి, పుస్తకపు తెలుగొకటి. ఇట్టి బాలుని ముందునకు ప్రతిదినము క్రొత్త మాటలు వచ్చుచుండును. అవి మనసున నిలుచునా, జారిపోవునా అనుదానిపై వాని చదువు ఆధారపడియున్నది. మాటలు జారిన బాలుడు కొన్నాళ్లకు బడినుండియే జారిపోవుట మనము ఎరిగినదే.

ఈ జారుటను ఆపుటకు నేడొక సాధనము వ్యాపించినది. ఉపాధ్యాయ శిక్షణాలయములలో మెరుపు అట్టలనియు, బడులలో ఫ్లాష్ కార్డులనియు పిలువబడు అట్టముక్కలు మనకు క్రొత్తవి కావు. ఒక వైపున మాట యుండును. రెండవ వైపున దాని అర్థమో, బొమ్మయో యుండును. ఆ అట్టలే ఇప్పుడు సెల్‌ఫోను తెరపైకిని, ట్యాబు పైకిని ఎక్కినవి. యంత్రమే మాటను చూపును, పలికి వినిపించును, ఏ మాటను ఏనాడు మరల అడుగవలెనో తానే నిర్ణయించును. ఇది గొప్ప వరమని కొందరందురు; వట్టి ఆటబొమ్మ యని మరికొందరందురు. ఈ రెండు మాటలలో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకొనుటకు ఈ సాధనము నడచివచ్చిన దారిని ఒక్కమారు చూడవలసియున్నది. ఆ దారి మన వీధియరుగుల మీదుగ పోయినది.

1822 జూన్ మాసమున మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని బడుల లెక్క తీయవలసినదని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చిలో ఆయన వ్రాసిన వ్రాతను బట్టి, రాజధాని మొత్తమునకు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. అందు విశాఖపట్నము జిల్లా వంతు తొమ్మిది వందలకు పైబడిన బడులు. ఆ లెక్కలతోపాటు వచ్చిన నివేదికలలో మిక్కిలి వివరమైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపినది. ఆయన జిల్లాలో 533 బడులు. అందు 226 తెలుగు బడులు. క్యాంబెల్ తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన పండితుడు గనుక ఆయన చూచిన చూపు తక్కిన అధికారుల చూపు వంటిది కాదు.

ఆయన వర్ణించిన బడి మన తాతలు ఎరిగిన వీధిబడియే. ఐదవ యేట బాలుని బడిలో వేయుదురు. అక్షరములను ముందుగ నోటితో వల్లించుట కాక, నేలమీది ఇసుకలో వ్రేలితో దిద్దుచు నేర్తురు. చేయి తిరిగిన పిమ్మట పలక. ముందు నేర్చిన బాలుడు వెనుక వచ్చిన బాలునికి చెప్పును. చెప్పుటచే తన చదువును గట్టిపరచుకొనును. ఈ ఏర్పాటు ఎంతయో మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట సమంజసమే యనియు క్యాంబెల్ వ్రాసెను. కాని ఆయన చూపిన లోపమును సైతము మనము మరువరాదు. బాలురు లెక్కకు మిక్కిలిగ పద్యములు ఒప్పచెప్పుదురు గాని, వాని అర్థము వారికి చిలుకకు తెలిసినంతయే తెలియునని ఆయన నిష్కర్షగ చెప్పెను. పుస్తకభాష వాడుకభాషకు దూరమగుటయే దీనికి కారణమని ఆయన అభిప్రాయము.

ఇచ్చట మనము రెండు పనులను వేరుపరచి చూడవలెను. వీధిబడిలో వల్లె వేయుట ఒకటి, అప్పగించుట ఒకటి. వల్లె వేయునపుడు మాట చెవిలోను, కంటియెదుటను ఉండును. నోరు దానిని వెంబడించును. అప్పగించునపుడు పుస్తకము మూసియుండును. పంతులుగారు మొదటి మాట అందించి ఊరకుందురు. తక్కినది బాలుడు తన లోపలినుండి వెదకి తీయవలెను. నిన్నటి పాఠము నేడు, మొన్నటి పాఠము వారము చివర, అమరకోశములో నడచిన వర్గములు మరికొంత కాలమునకు అప్పగింతకు వచ్చుచుండెను. వల్లె అందరి కంటను పడెను. చిలుక పలుకులని నిందయు దానికే వచ్చెను. అప్పగింత చేసిన మేలును గుర్తించినవారు తక్కువ. మెరుపు అట్ట చేయు పని సరిగా ఈ అప్పగింతయే యని మా అభిప్రాయము.

మన యిసుకబడి సముద్రము దాటిన కథ ప్రసిద్ధము. 1789లో మద్రాసు ఎగ్మూరునందలి అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బాలురకు పెట్టెను. పెద్ద విద్యార్థులచే చిన్నవారికి చెప్పించెను. 1797లో ఆయన ఆ అనుభవమును గ్రంథముగ ప్రకటింపగా, అది ఇంగ్లండులో మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించెను. ఆ దేశముననే 1834లో ఫేవెల్ లీ మార్టిమర్ అను రచయిత్రి, చదువు నేర్చు పసివారికొరకు అక్షరములును, మాటలును అచ్చొత్తిన అట్టల నొక పెట్టెగ ప్రకటించెను. పుస్తకమునుండి విడిపోయి చేతిలోనికి వచ్చిన అట్టలకు తొలి దృష్టాంతములలో అదియొకటి. పుటలోని మాటకు ముందొక మాట, వెనుకొక మాట తోడుండును. వరుస జ్ఞాపకమున్నవాడు మాట తెలియకయే చదివినట్లు నటింపగలడు. అట్టమీది మాట ఒంటరిది. దానిని ఎరిగినగాని చెప్పజాలడు.

మరపు యొక్క నడకను కొలిచిన మొదటివాడు జర్మనీ దేశీయుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థము లేని అక్షరముల గుంపులను వేనవేలుగ తానే వల్లించి, కొంతకాలమునకు మరల నేర్చుటలో ఎంత శ్రమ మిగిలెనో లెక్కవేసి, 1885లో ఆయన గ్రంథము ప్రకటించెను. గంట గడచుసరికి మిగులు శ్రమ నూటికి 44 పాళ్లు; ఒక దినమునకు 34; నెలనాళ్లకు 21. అనగా మరపు మొదటి గంటలలోనే మిక్కుటముగ దొంగిలించును, పిమ్మట నెమ్మదించును. ఆయన కనుగొన్న మరియొక సంగతి బడిపంతుళ్లకు మరింత ముఖ్యము. ముందురోజున ఒక్క బిగిని 68 మారులు వల్లించిన ఫలము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించినచో లభించెను. మాడుగుల హల్వా చేయువారికి ఈ రహస్యము క్రొత్త కాదు. గోధుమలు నానవలెను, పాలు తీసినపిదప ఊరవలెను. ఆ గడువు ఇయ్యక మంట హెచ్చించిన పాకము కుదరదు. మాటకును మాటకును నడుమ ఎడము అట్టిదే.

1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున హెచ్. ఎఫ్. స్పిట్జర్ అను విద్యావేత్త ఆరవ తరగతి విద్యార్థులను 3,605 మందిని పరీక్షించి, చదివిన వెంటనే ప్రశ్నలకు జవాబు చెప్పినవారు, అట్లు చెప్పనివారికంటె ఎక్కువ కాలము పాఠమును నిలుపుకొనుట చూపెను. 2006లో రోడిగర్, కార్పికే అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే సంగతిని కాలేజీ విద్యార్థులయందు పరిశీలించిరి. ఒక వర్గమువారు పాఠమును రెండుమారులు చదివిరి. రెండవ వర్గమువారు ఒకమారు చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నది వ్రాసిరి. ఐదు నిమిషములకు పరీక్షింపగా చదివినవారిదే పైచేయి: నూటికి 81, వ్రాసినవారికి 75. వారము గడచినపిదప తారుమారయ్యెను: చదివినవారికి 42, వ్రాసినవారికి 56. వెంటనే వచ్చిన సులువు మోసకారి యనియు, వెదకి తీయుటలోని కష్టమే మేలు చేయుననియు దీనిచే తేలినది. అప్పగింత పుచ్చుకొనిన మన పంతుళ్లకు ఈ లెక్కలు తెలియవు. ఫలము మాత్రము తెలియును.

ఈ రెండు నియమములను, అనగా మూసి అడుగుటను, ఎడమిచ్చి అడుగుటను, ఒక పెట్టెలో కూర్చినవాడు సెబాస్టియన్ లైట్నర్. జర్మను భాషలో 1972లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన అరల పెట్టెను వర్ణించెను. క్రొత్త మాటల అట్టలన్నియు మొదటి అరలో నుండును. చెప్పగలిగిన అట్ట తరువాతి అరకు పోవును. చెప్పలేని అట్ట మొదటి అరకే మరలి వచ్చును. ముందరి అరలను తరచుగను, వెనుకటి అరలను అరుదుగను తీయుదురు. తెలిసిన మాట మీద కాలము వ్యర్థము కాదు. తెలియని మాట తప్పించుకొనలేదు.

పోలండులో విద్యార్థిగా నుండిన పియోటర్ వోజ్నియాక్ 1985లో ఈ ఎడములను కాగితముమీద లెక్కించి, 1987లో సూపర్‌మెమో అను పేర కంప్యూటరునకు ఎక్కించెను. 2005లో అమెరికాలో ఆండ్రూ సదర్లాండ్ అను పదునైదేండ్ల బాలుడు తన ఫ్రెంచి మాటల పాఠము కొరకు కల్పించుకొన్నది క్విజ్‌లెట్ అయ్యెను. 2006లో డేమియన్ ఎల్మ్స్ ప్రకటించిన ఆంకీ యను సాధనమునకు ఆ పేరు, కంఠస్థము చేయుట యను అర్థముగల జపాను మాటనుండి వచ్చినది. ఈ యంత్రములు క్రొత్తగ కనిపెట్టినది జ్ఞాపకశక్తిని కాదు. ఇన్ని వందల మాటలలో ఏది ఎవరిని ఏనాడు అడుగవలెనో అలుపు లేక లెక్క యుంచుటయే వాని ప్రజ్ఞ. నలుబదిమంది బాలురున్న తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు ఇంతటి పద్దును వ్రాయజాలడు గనుక ఆ సాయము చిన్నది కాదు.

తెలుగు ఈ తెరలపైకి వచ్చుటకు వేరొక అడ్డంకి తొలగవలసివచ్చెను. ఒక ఫాంటులో వ్రాసిన తెలుగు వేరొక యంత్రమున పిచ్చిగీతలై కనబడిన దినములు పలువురకు జ్ఞాపకముండును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందు తెలుగు అక్షరములకు సంకేతస్థానములు ఏర్పడినవి. ఆ ఏర్పాటు యంత్రములన్నింటను అమలగుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. నేడు 1852 నాటి బ్రౌను నిఘంటువును సైతము తెరమీద వెదకవచ్చును. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్కారు బడులలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచుట ఆరంభించెను. కాగా పలక చేతికి వచ్చినది. దానితో అక్షరక్రమము వచ్చునా అనునది తరువాతి ప్రశ్న.

తెలుగు పలికినట్లు వ్రాయు భాష యని మనము గర్వింతుము. ఇది చాలవరకు నిజమే. అయినను చుక్క ఎచ్చట పెట్టితిమో దానిని బట్టి మాట మారును. అర్థము వేరు, అర్ధము వేరు. కల కన్నవాడును, కళ నేర్చినవాడును ఒకడు కాడు. ళకారమును లకారముగను, ణకారమును నకారముగను పలుకు నోటికి వ్రాతలో తబ్బిబ్బు తప్పదు. కృషిలోని వట్రుసుడియా, క్రమములోని రావొత్తా యని చెవి చెప్పలేదు. కన్నును, చేయియు చెప్పవలెను. త, న, మ, య, ర, ల మొదలగు వాని ఒత్తులకు తమ తల్లి అక్షరముతో పోలిక కానరాదు. ఇంక ఇంగ్లీషు అక్షరక్రమము సంగతి చెప్పనేల? అక్షరములను వరుసగ గొంతెత్తి పాడి మాటను పట్టుకొనుట మన బడులలో తరతరములుగ నడచుచున్నదే.

ఇట్టి చోట తెరమీది అట్టలో ఒక మేలు, ఒక కీడు కలవు. మేలు ఏమన, అట్ట మాటను పలుకగలదు. బాలుడు విని, పలకమీద వ్రాసి, పిమ్మట అట్టను త్రిప్పి, అక్షరమునకు అక్షరము సరిచూచుకొనవచ్చును. ఇందు చెవి, చేయి, కన్ను మూడును పనిచేయును. కీడు ఏమన, బాలుడు వ్రాయక తెరమీది మీటలు నొక్కినచో, రెండక్షరములు పడునంతలో యంత్రమే మాట నంతయు అందించును. నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొమ్మను అట్టలును ఇట్టివే. ఎదుట నున్నదానిని గుర్తుపట్టుట ఒకటి. ఎదుట లేనిదానిని తలపునకు తెచ్చి తప్పులేక వ్రాయుట మరియొకటి. మొదటిది వల్లెకు చుట్టము, రెండవది అప్పగింతకు చుట్టము. అందుచే ట్యాబు ప్రక్కన పలకయు, బలపమును ఉండవలెనని మేము గట్టిగ చెప్పుదుము.

మరియొక లోపమును సవరింపవలెను. పెక్కు సాధనములలో చెప్పితినా లేదా యను తీర్పు బాలునికే విడువబడినది. తొందరపడు బాలుడు తెలిసినదని మీట నొక్కి ముందునకు పోవును. వీధిబడిలో ఆ తీర్పు పెద్ద విద్యార్థి చేతిలో నుండెను. నేడును ఇద్దరిద్దరు బాలురను జతపరచి, ఒకడు అట్ట పట్టుకొని అడుగ, రెండవవాడు వ్రాయునట్లు చేసినచో ఒక్క ట్యాబు ఇద్దరికి చాలును; తీర్పును నిజమగును. క్రొత్త మాటలు దినమునకు ఐదారింటికి మించరాదు. నేటి క్రొత్త మాట రేపటికి అప్పు. ఎడములు వచ్చినపుడెల్ల తీర్పవలసినది. దినమునకు ఇరువది మాటలు చేర్చినవాడు నెల తిరుగకముందే ఆ బరువునకు జంకి అట్టలనే విడిచిపెట్టును.

ఇంతకు ఏ మాటలను అట్టల మీద వ్రాయవలెను? యంత్రము జవాబు చెప్పలేని ప్రశ్న యిదియే. క్యాంబెల్ చూపిన చిలుక పలుకుల లోపము ఇచ్చటనే మరల తలయెత్తును. ఈ ప్రశ్నతో జీవితకాలము పెనగినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. 1863లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన ఆయన బాల్యము మన సీమను సైతము తాకినది. తండ్రి వీర్రాజుగారు చోడవరమునకు బదిలీయై, అచ్చటనే విషజ్వరమున మరణించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన రామమూర్తిగారు కొండ సవరల భాషను వారి నోటనే విని నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. మన్యపు జ్వరములకు వాడిన కొయినా వలన ఆయన చెవులు పోయినవి. 1931లో సవర వ్యాకరణమును, ఆ పిమ్మట సవర నిఘంటువును వెలువరించిరి. తెలుగు బాలుని బడిలో వాని నోటిభాషకు చోటుండవలెనని ఆయన పోరుట కూడ ఈ అనుభవమునుండి పుట్టినదే. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారులలో బడుల తనిఖీకి వచ్చిన జె. ఏ. యేట్స్ దొరయు, ఈ జిల్లాలోని ఎస్. రాయవరమున పుట్టిన గురజాడ అప్పారావుగారును ఆ వాదమున ఆయనకు తోడైరి.

సుమారు ఒక శతాబ్దము పిమ్మట, 2004లో, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో తొలి తరగతుల చదువును ఆరంభించెను. తెలిసిన భాషనుండి తెలియని భాషకు వంతెన వేయుట దాని ఆశయము. మెరుపు అట్ట ఆ వంతెనకు ఒక పలకగ పనికివచ్చునని మేము తలంతుము. కొండపిల్లవాని అట్టకు ఒక వైపున బొమ్మయు, వాని ఇంటిమాటయు నుండవలెను. రెండవ వైపున తెలుగు మాట. ఆ ఇంటిమాటను ఉపాధ్యాయుడు ఎరుగకపోవచ్చును. ఎరుగనిచో ఆ బాలునే అడిగి, తెలుగు లిపిలో వ్రాసికొని, వాని గొంతుతోనే యంత్రమున నింపవచ్చును. ఆ గడియలో బాలుడు చెప్పువాడు, పంతులు నేర్చువాడు. తన మాటకు బడిలో చోటు దొరకిన బాలుడు పరాయి మాటకు తన మనసులో చోటిచ్చుటకు వెనుదీయడు. ఎచ్చటనో కూర్చి అమ్ముచున్న పదముల మూటలలో ఈ గుణము దొరకదు; అది మాడుగులలో మాడుగుల పంతులు చేయవలసిన పని.

ట్యాబు లేని బడికి సైతము ఈ మార్గము మూసియుండలేదు. పాత శుభలేఖలను కత్తిరించిన అట్టలగును. చెప్పుల అట్టపెట్టెలో ఐదు అరలు చేసిన లైట్నర్ పెట్టె యగును. మొదటి అరను ప్రతిదినము, రెండవదానిని దినము విడిచి దినము, మూడవదానిని వారపు సంతనాడు, నాలుగవదానిని పక్షమునకు ఒకమారు, ఐదవదానిని నెలకు ఒకమారు తీసి అడుగవలెను. కరెంటు పోయినను, సిగ్నలు అందకపోయినను ఈ పెట్టె ఆగదు. యంత్రమున్న చోట ఈ పద్దును యంత్రము వ్రాయును; లేని చోట పై తరగతి బాలిక వ్రాయును. పద్దు ఎవరు వ్రాసినను మూడు సంగతులు తప్పరాదు. అట్ట త్రిప్పకముందు బాలుడు వెదకుకొనవలెను. వెదకినదానిని చేతితో వ్రాయవలెను. ఆ మాట వాని బ్రతుకునకు చెందినదై యుండవలెను.

ఈ సాధనమును చేపట్టిన ఉపాధ్యాయులకు మా మనవి యొకటి. ఎన్ని అట్టలు తిరిగినవని తెర చూపు అంకెను నమ్మి ఊరకుండవలదు. నెలకొకమారు, పూర్వపు అప్పగింత వలెనే, అట్టలన్నియు మూసి, నెలనాటి మాటలలో పదింటిని చెప్పి, బాలురచే పలకమీద వ్రాయించి, వానితో ఒక్కొక్క వాక్యము కట్టించవలెను. వాక్యము కట్టగలిగినచో ఆ మాట వానికి వచ్చినట్లే. కట్టలేనిచో ఆ అట్టను మొదటి అరలో మరల పెట్టవలసినదే.